అమ్మోనియా పట్టువిడుపులు

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు చెప్పులు వరసలో పెట్టి గంటలకొద్దీ ఎదురుచూసిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఆ యూరియా చెయ్యాలంటే ముందు అమ్మోనియా కావాలి. ప్రపంచం మొత్తమ్మీద ఏడాదికి దాదాపు 18 కోట్ల టన్నుల అమ్మోనియా తయారవుతోంది, అందులో సుమారు 70 శాతం ఎరువులకే పోతుంది. మనుషులు వాడుకునే ఇంధనంలో దాదాపు 2 శాతం ఈ ఒక్క పనికే ఖర్చవుతోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లో లెక్క తేల్చింది.

ఇది ఒక కొస. ఇప్పుడు రెండో కొస చూద్దాం. పొలంలో చల్లిన నైట్రోజన్ పంటలోకి, పంట మన కంచంలోకి, అక్కణ్ణించి మురుగుకాలవలోకి పోతుంది. మురుగునీటిని బాగా శుద్ధి చేసే చోట పెద్దపెద్ద బ్లోయర్లతో గాలి ఊది, బాక్టీరియాని మేపి, ఆ అమ్మోనియాని మళ్ళీ నైట్రోజన్‌గా మార్చి గాల్లోకి వదిలేస్తారు. శుద్ధి చెయ్యని చోట అది తిన్నగా చెరువులోకి పోయి గుర్రపుడెక్కని పెంచుతుంది. అంటే ఒక చోట గాల్లోంచి నైట్రోజన్‌ని లాగడానికి ఇంధనం తగలేస్తున్నాం, ఇంకో చోట దాన్ని తిరిగి గాల్లోకి పంపడానికి కరెంటు తగలేస్తున్నాం. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఒక టీం రాత్రంతా కూర్చుని రికార్డులు తయారుచేస్తుంటే, ఇంకో టీం పొద్దున్నే వచ్చి వాటిని డిలీట్ చెయ్యడానికి సర్వర్లు నడుపుతున్నట్టు అన్నమాట.

మరి మధ్యలోనే పట్టుకుని మళ్ళీ వాడుకోవచ్చు కదా? వచ్చిన ఆలోచనే, కొత్తదేం కాదు. దీని వెనక రెండొందల యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. అదంతా చదివాక నాకు తేలింది ఇదీ: అమ్మోనియాని పట్టుకునే పదార్థాలు బోలెడున్నాయి. పట్టుకున్నదాన్ని అడిగినప్పుడు వదిలి, వదిలాక మళ్ళీ కొత్తగా పట్టుకోగలిగినవి మాత్రం చాలా తక్కువ. మెమరీ అలొకేట్ చెయ్యడం ఎవరికైనా వచ్చు, ఫ్రీ చెయ్యడం దగ్గరే ప్రోగ్రాం బతుకు తేలుతుంది కదా, అలాంటిదే ఇది కూడా. పైగా ఈ సంగతి తెలియకపోవడం వల్ల మన కోస్తాలో రొయ్యల రైతులు అనవసరంగా డబ్బులు పోగొట్టుకుంటున్నారు. అక్కడికి చివర్లో వస్తాను. ముందు కథ మొదట్నించీ చెప్పుకుందాం.

అమ్మోనియా మన ఇళ్ళకి యూరియా బస్తాలో రాకముందే నవాసాగరంగా వచ్చింది. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు గిన్నెని నిప్పుల మీద బాగా కాల్చి, తగరం రాసి, నవాసాగరం పొడి చల్లి గుడ్డతో తుడిచేవాళ్ళు. గుప్పున తెల్లటి పొగ, ముక్కు అదిరిపోయే ఘాటు. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడి తగలగానే అది అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. ఆ రెండోది గిన్నె మీది చిలుముని తినేస్తుంది కాబట్టి తగరం చక్కగా అంటుకుంటుంది. పైకి లేచిన రెండు వాయువులూ చల్లబడగానే మళ్ళీ కలిసిపోయి నవాసాగరం అయిపోతాయి. మనకి కనిపించే ఆ తెల్లపొగ అదే. వేడి చేస్తే వదలడం, చల్లారితే పట్టుకోవడం - ఈ వ్యాసం మొత్తం కళాయి వేసేవాడి కొలిమి దగ్గరే ఉందని చెప్పొచ్చు.

ఇక పేరు సంగతి. ఈజిప్టు పడమటి ఎడారిలో సివా అనే ఒయాసిస్ ఉంది, అక్కడ అమున్ దేవుడి గుడి ఉండేది. ఆ ప్రాంతపు ఉప్పుని అమున్ పేరుతోనే రోమన్లు పిలిచారు. ఆ పేరే తర్వాత్తర్వాత నవాసాగరానికి స్థిరపడింది, దాన్నించి వచ్చే వాయువు అమ్మోనియా అయింది. పేడ కాల్చగా వచ్చిన మసి నుంచి నవాసాగరం తీసి ఈజిప్టు వాళ్ళు యూరప్‌కి అమ్మేవాళ్ళు. పశువు వదిలేసిన నైట్రోజన్‌ని పట్టుకుని అమ్ముకోవడం అప్పటికే వ్యాపారం అన్నమాట :)

1774 ప్రాంతంలో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అమ్మోనియాని వాయువుగా విడిగా పట్టాడు. అప్పట్లో వాయువుల్ని నీళ్ళ మీద బోర్లించిన సీసాల్లో పట్టేవాళ్ళు. ఇది మాత్రం నీళ్ళు కనిపిస్తే చాలు మాయమైపోయేది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఒక లీటరు నీళ్ళు దాదాపు 700 లీటర్ల అమ్మోనియాని తాగేస్తాయి. అందుకని ఆయన నీళ్ళకి బదులు పాదరసం వాడాడు. అసలు నీళ్ళే అంత బాగా పట్టుకుంటుంటే ఇంకో పదార్థం ఎందుకు అని మీకు అనుమానం రావచ్చు. పట్టుకోవడానికి నీళ్ళకి మించింది లేదు, నిజమే. తిరిగి బయటికి తియ్యాలంటే మాత్రం అమ్మోనియాతోపాటు ఆ నీళ్ళన్నిటినీ కాచాలి. పావు కేజీ సరుకు కోసం బండెడు బరువు మోసినట్టు ఉంటుంది. 1859లో ఫ్రాన్స్‌లో ఫెర్డినాండ్ కారే ఈ నీళ్ళు-అమ్మోనియా జంటతోనే ఐసు తయారుచేసే యంత్రం కట్టాడు. అంటే పనికిరాదని కాదు, ఖర్చెక్కువ.

ఘనపదార్థాల సంగతికొస్తే, 1777లో ఇటలీకి చెందిన ఫెలిచే ఫొంటానా ఎర్రగా కాల్చిన బొగ్గుని పాదరసంలో ముంచి చల్లార్చి, వాయువు ఉన్న గొట్టంలోకి పంపాడు. బొగ్గు వాయువుని పీల్చేసుకుంది, పాదరసం పైకి ఎగబాకింది. 1814లో జెనీవాకి చెందిన థియోడోర్ ద సొస్యూర్ దీన్ని ఒక పద్ధతి ప్రకారం కొలిచి పట్టిక వేశాడు. ఒక ఘనపరిమాణం బొగ్గు 90 ఘనపరిమాణాల అమ్మోనియాని, 35 ఘనపరిమాణాల కార్బన్ డయాక్సైడ్‌ని పట్టింది. ఆక్సిజన్ దగ్గరకొచ్చేసరికి 9 చిల్లర, హైడ్రోజన్ దగ్గర 2 కూడా లేదు. పట్టికలో అన్నిటికన్నా పైన ఉన్నది అమ్మోనియాయే. ఇక్కడ మనం గమనించాల్సింది ప్రయోగానికి ముందు చేసిన పని. బొగ్గుని ఎర్రగా కాల్చడం అంటే దాని రంధ్రాలని ఖాళీ చెయ్యడం. ఖాళీ చేసే దారి తెలిసింది కాబట్టే అదే బొగ్గుని మళ్ళీ మళ్ళీ వాడగలిగారు.

తర్వాత వచ్చినవాడు మైకేల్ ఫారడే. 1823లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన చేసిన ప్రయోగం నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చింది. సిల్వర్ క్లోరైడ్ పొడి అమ్మోనియాని బాగా పీల్చుకుంటుంది. అలా కడుపునిండా పీల్చుకున్న పొడిని వంకర తిరిగిన గాజు గొట్టంలో ఒక కొసన పెట్టి, గొట్టం రెండువైపులా మూసేశాడు. పొడి ఉన్న కొసని వేడి చేశాడు, రెండో కొసని చల్లగా ఉంచాడు. పొడి వదిలిన అమ్మోనియాకి పోయే దారి లేదు. లోపల ఒత్తిడి పెరిగి, చల్లని కొసన నీళ్ళలాంటి ద్రవంగా చేరింది. వేడి తీసేయగానే పొడి మళ్ళీ ఆకలిగొన్నట్టు అమ్మోనియాని లాక్కోవడం మొదలెట్టింది, ద్రవం బుడబుడా మరిగి ఆ కొస చల్లబడిపోయింది. పంపు లేదు, మోటారు లేదు. వేడి చేస్తే వదులు, చల్లారిస్తే పట్టు, ఎన్నిసార్లయినా సరే. వాయువుల్ని ద్రవాలుగా మార్చే ఈ వరస ప్రయోగాల్లో గొట్టాలు పేలి ఆయన కళ్ళలో గాజుముక్కలు కూడా పడ్డాయి.

ఇక్కడ ఒక చిన్న పిడకలవేట. బొగ్గు అమ్మోనియాని తన రంధ్రాల గోడలకి అంటించుకుంటుంది. సిల్వర్ క్లోరైడ్ లాంటి లవణాలు దాన్ని ఏకంగా తమ నిర్మాణంలోకే చేర్చుకుంటాయి. మొదటిదాన్ని మన తెలుగు సైన్సు పుస్తకాల్లో అధిశోషణం అంటారు, రెండోది శోషణం. అధిశోషణానికి వాడే ఇంగ్లీషు మాటని 1881లో హెన్రిక్ కైజర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. మనకి కావాల్సింది రెంటిలోనూ ఒక్కటే - తిరిగి రాబట్టగలమా లేదా. ఎంసెట్‌కి చదివినవాళ్ళకి ఒక బిట్ గుర్తుండాలి: అమ్మోనియాలో తేమ తియ్యడానికి కాల్షియం క్లోరైడ్ ఎందుకు వాడరు? ఎందుకంటే అది తేమతోపాటు అమ్మోనియాని కూడా మింగేస్తుంది, ఒక అణువు కాల్షియం క్లోరైడ్ ఎనిమిది అమ్మోనియా అణువుల దాకా. అప్పట్లో ఒక మార్కు కోసం బట్టీపట్టిన ఆ 'దోషం' మీదే ఈ మధ్య పెద్ద పరిశోధన నడుస్తోంది, ముందు ముందు చూద్దాం.

ఇప్పటిదాకా వాయువు సంగతి. నీళ్ళలో కరిగిన అమ్మోనియా కథ ఇంకో దారిలో, పేడకుప్పల దగ్గర మొదలైంది. ఇంగ్లండులో యార్క్‌షైర్ భూస్వామి థాంప్సన్‌కి ఎరువులోని అమ్మోనియా వానకి కొట్టుకుపోతుందేమోనని బెంగ. 1845లో యార్క్ ఊళ్ళో మందుల తయారీదారు స్పెన్స్‌తో కలిసి ఒక ప్రయోగం చేయించాడు. గొట్టంలో మట్టి నింపి, అమ్మోనియం సల్ఫేట్ కలిపి పైనుంచి నీళ్ళు పోశారు. కిందకి దిగిన నీళ్ళలో అమ్మోనియా ఉండాలి కదా, జిప్సం వచ్చింది! అంటే మట్టి అమ్మోనియాని ఉంచుకుని దాని బదులు కాల్షియంని ఇచ్చింది. 1850లో రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ రసాయనవేత్త జాన్ థామస్ వే దీన్ని వివరంగా పరీక్షించి ప్రచురించాడు. ఒక అయాన్‌ని తీసుకుని ఇంకోదాన్ని ఇచ్చే ఈ వస్తుమార్పిడినే ఇవాళ అయాన్ ఎక్స్‌ఛేంజ్ అంటున్నాం.

అయితే వే ఒక చోట పొరబడ్డాడు. ఈ మార్పిడి ఒకవైపే జరుగుతుందని, వెనక్కి తిప్పలేమని అనుకున్నాడు. 1858లో జర్మనీలో ఐక్‌హార్న్ అనే ఆయన జియోలైట్ అనే ఖనిజాల మీద ప్రయోగాలు చేసి, ఇది రెండువైపులా నడిచే దారే అని చూపించాడు. ఏ అయాన్ ఎక్కువగా ఉంటే అది లోపల కూర్చుని, ఉన్నదాన్ని బయటికి నెడుతుంది. జనరల్ కంపార్ట్‌మెంట్‌లో సీటు లాంటిదే, వెనకనుంచి వచ్చే జనం ఎక్కువైతే కూర్చున్నవాడు లేవక తప్పదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, రొయ్యల చెరువు దగ్గర మళ్ళీ పనికొస్తుంది. (జియోలైట్ అనే పేరు 1756లో స్వీడన్‌కి చెందిన క్రాన్‌స్టెట్ పెట్టాడు. వేడి చేస్తే లోపలి నీరు ఆవిరై నురగలు కక్కుతుందని 'మరిగే రాయి' అన్నాడు.)

ఈ రెండువైపుల దారిని వ్యాపారంగా మార్చింది కూడా జర్మన్లే. 1900ల మొదటి దశకంలో బెర్లిన్‌లో రాబర్ట్ గాన్స్ కృత్రిమ జియోలైట్‌తో కఠినజలాన్ని మృదుజలంగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. హైదరాబాదులో బోరునీళ్ళ మీద బతికే అపార్ట్‌మెంట్లలో వాటర్ సాఫ్ట్‌నర్ చూసే ఉంటారు. వాచ్‌మన్ అప్పుడప్పుడు ఉప్పు బస్తా తెచ్చి అందులో పోస్తాడు. ఆ ఉప్పు నీళ్ళని తియ్యగా చెయ్యడానికి కాదు లెండి. లోపలి పదార్థం పట్టిపెట్టుకున్న కాల్షియంని బయటికి తోసేసి, దాన్ని మళ్ళీ ఖాళీ చెయ్యడానికి. పదార్థం ఏళ్ళ తరబడి అదే ఉంటుంది, ఉప్పు మాత్రం కొంటూ ఉండాలి. పునర్వినియోగం అన్న ప్రతిచోటా ఇలాంటి ఉప్పు బిల్లు ఒకటి ఎక్కడో దాక్కుని ఉంటుంది. అది వేడి కావచ్చు, యాసిడ్ కావచ్చు, వ్యాక్యూమ్ పంపు కరెంటు కావచ్చు.

మరి గట్టిగా పట్టుకుంటే ఏమవుతుంది? మొదటి ప్రపంచయుద్ధం కాలంలో అమెరికన్లు అమ్మోనియా నుంచి కాపాడే ముసుగుల కోసం ప్యూమిస్ రాయికి కాపర్ సల్ఫేట్ పట్టించి వాడారు. మనిషి ప్రాణం కాపాడే చోట వదలకుండా పట్టుకోవడమే కావాలి. పని అయిపోయాక ఆ డబ్బా పారేస్తారు. గ్యాస్ దీపాల కాలంలో బొగ్గు నుంచి వచ్చే గ్యాసులోని అమ్మోనియాని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పట్టి అమ్మోనియం సల్ఫేట్ ఎరువుగా అమ్మేవాళ్ళు. 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో హేబర్-బాష్ ఫ్యాక్టరీ మొదలయ్యేదాకా ఎరువుల మార్కెట్లో చిలీ నుంచి వచ్చే నైట్రేట్‌తోపాటు ఇదీ ముఖ్యమైన సరుకే. సరుకు దక్కుతుంది, యాసిడ్ ప్రతిసారీ కొత్తది పొయ్యాలి. అంటే గట్టిగా పట్టుకుంటే వదలదు, మెత్తగా పట్టుకుంటే పలచగా ఉన్న అమ్మోనియా అసలు చిక్కదు. మధ్యలో సన్నటి గీత ఉంది, రెండొందల ఏళ్ళుగా అందరూ దాని మీదే నడవడానికి ప్రయత్నిస్తున్నారు.

ఆ గీత మీద ఒక ఊరికి సరిపడా పెద్ద ఎత్తున నడిచి చూసింది అమెరికా. 1960లో హాన్‌ఫర్డ్ అణుకేంద్రంలో లాయిడ్ ఏమ్స్ అనే శాస్త్రవేత్త క్లినాప్టిలోలైట్ అనే సహజ జియోలైట్‌ని పరీక్షించాడు. అణువ్యర్థాల్లో సీజియంని పట్టడానికి పనికొచ్చే రాయి అది. సీజియం, పొటాషియం, అమ్మోనియం అయాన్లకి పోలికలున్నాయి కాబట్టి అమ్మోనియంని కూడా అది ఇష్టంగా పట్టుకుంటుందని తేలింది. దాంతో 1970లలో మురుగునీటి ఇంజినీర్లు దాన్ని అందుకున్నారు. 1978లో కాలిఫోర్నియాలో లేక్ టాహో దగ్గర ట్రకీలో, అదే ఏడాది వర్జీనియాలో ఆకొక్వాన్ రిజర్వాయర్‌ని కాపాడడానికి సెంటర్‌విల్‌లో ఇలాంటి ఏర్పాటుతో శుద్ధి కేంద్రాలు మొదలయ్యాయి. సెంటర్‌విల్ చుట్టుపక్కల ఇవాళ మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు :)

పద్ధతి ఇదీ. మురుగునీటిని క్లినాప్టిలోలైట్ నింపిన తొట్లలోంచి పంపుతారు, అమ్మోనియం రాయిలో ఆగిపోతుంది. రాయి నిండాక ఉప్పునీటితో కడుగుతారు, సోడియం లోపల కూర్చుని అమ్మోనియంని బయటికి నెడుతుంది. ఆ ఉప్పునీటికి క్షారం కలిపి గాలి ఊదితే అమ్మోనియా వాయువుగా లేస్తుంది. దాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో పడితే అమ్మోనియం సల్ఫేట్ ఎరువు. ఉప్పునీరు మళ్ళీ వాడుకోవచ్చు, రాయి మళ్ళీ వాడుకోవచ్చు. కాగితం మీద అద్భుతం. ట్రకీలో ఇది పాతికేళ్ళకు పైగా నడిచింది కూడా. కానీ చివరికి 2000లలో వాళ్ళూ బాక్టీరియా పద్ధతికే మారిపోయారు. రాయి పనిచెయ్యక కాదు. ఉప్పు, క్షారం, యాసిడ్, పంపులు, వీటన్నిటి ఖర్చు ముందు వచ్చే ఎరువు విలువ చాలలేదు. పట్టు బానే ఉంది, విడుపు ఖరీదైంది.

ఇప్పుడు మన భీమవరం వైపు వద్దాం. రొయ్యలకి వేసే మేతలో బోలెడంత ప్రొటీన్ ఉంటుంది. అందులో ఉన్న నైట్రోజన్‌లో మూడో వంతు మాత్రమే రొయ్య ఒంటికి పడుతుంది అనుకున్నా, మిగతాదంతా చెరువులోనే, ఎక్కువభాగం అమ్మోనియాగా చేరుతుంది. పీహెచ్, వేడి పెరిగితే అది విషం. అమ్మోనియా పెరిగింది అనగానే మందుల షాపువాడు చెప్పే మొదటి మాట జియోలైట్ చల్లమని. బస్తాల కొద్దీ అమ్ముడుపోతుంది. దాని మీద శాస్త్రీయ పద్ధతిలో జియోలైట్ అమ్మోనియాని పడుతుంది అని రాసి ఉంటుంది. అబద్ధం కూడా కాదు!

కానీ ఐక్‌హార్న్ 1858లో చెప్పిన ముక్క గుర్తు తెచ్చుకోండి. సముద్రపు నీటిలో లీటరుకి 10 గ్రాములకు పైగా సోడియం ఉంటుంది. చెరువులో అమ్మోనియా లీటరుకి ఒకటో రెండో మిల్లీగ్రాములు. నీళ్ళలో ఉప్పు సముద్రంలో సగమే అనుకున్నా, ఒక అమ్మోనియంకి వెనక వేలకొద్దీ సోడియం అయాన్లు క్యూలో ఉన్నాయి. ట్రకీలో రాయి నుంచి అమ్మోనియంని కడిగి బయటికి నెట్టడానికి వాడిన మందు ఏమిటి? ఉప్పునీరు. రొయ్యల చెరువులో ఉన్నది ఏమిటి? ఉప్పునీరు. సాఫ్ట్‌నర్‌ని ఖాళీ చేసే నీళ్ళలోనే పెట్టి నింపాలని చూస్తున్నాం అన్నమాట. అక్వేరియం పెంచేవాళ్ళు తమ ఫిల్టర్‌లోని జియోలైట్‌ని ఉప్పునీళ్ళలో నానబెట్టి తిరిగి వాడుకునేది కూడా ఇందుకే.

మంచినీటి చెరువైతే ఫర్వాలేదా అంటారేమో, ఒక లెక్క వేద్దాం. ఎకరం చెరువు, ఒకటిన్నర మీటరు లోతు. అంటే దాదాపు 6000 ఘనమీటర్ల నీళ్ళు. లీటరుకి 1 మిల్లీగ్రాము అమ్మోనియా తగ్గాలంటే మొత్తం 6 కిలోల అమ్మోనియాని పట్టుకోవాలి. నాణ్యమైన క్లినాప్టిలోలైట్ సిద్ధాంతం ప్రకారం, పోటీ ఏమీ లేకుండా పూర్తిగా నిండితే, కిలోకి సుమారు 35 గ్రాముల అమ్మోనియా పడుతుంది. ఎకరానికి 20 కిలోలు చల్లారనుకోండి, అన్నీ కలిసొస్తే 700 గ్రాములు. లీటరుకి 0.12 మిల్లీగ్రాము తగ్గిందన్నమాట. కాల్షియం, పొటాషియం పోటీకొస్తే అదీ ఉండదు. పైగా చల్లిన పొడి చెరువు అడుక్కి పోతుంది, తీసి కడిగి మళ్ళీ వాడే ప్రశ్నే లేదు. ఇదే డబ్బు ఏరేటర్ల కరెంటుకి పెట్టినా, మేత కొంచెం తగ్గించి చెక్ ట్రే చూసుకుంటూ వేసినా అంతకన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. మీ ఇళ్ళలో, చుట్టాల్లో చెరువులు వేసేవాళ్ళుంటే ఈ లెక్క ఒక్కసారి వాళ్ళ ముందు పెట్టండి. లెక్క కోసం కెమిస్ట్రీ అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు.

అలాగని ఈ దారి మూసుకుపోయిందని కాదు. గత ఇరవయ్యేళ్ళలో పట్టువిడుపుల గీత మీద బాగా నడిచినవి కొన్ని ఉన్నాయి. డెన్మార్క్‌లో ఆమినెక్స్ అనే కంపెనీ స్ట్రాన్షియం క్లోరైడ్‌లో అమ్మోనియాని నింపి డబ్బాలుగా చేసింది. మామూలుగా చేత్తో పట్టుకునే ఘనపదార్థం, వేడి చేస్తే అమ్మోనియా. 2010లలో కోపెన్‌హాగెన్ డీజిల్ బస్సుల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లని విరగ్గొట్టడానికి వీటిని వాడారు. డబ్బా ఖాళీ అయితే మళ్ళీ నింపుతారు. ఫారడే గొట్టమే బస్సెక్కింది అనుకోండి.

అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఎడ్ కస్లర్ బృందం 2012 నుంచి ఇంకో పని చేసింది. హేబర్ పద్ధతిలో గ్యాసు ఒకసారి రియాక్టర్‌లోంచి వెళ్ళినప్పుడు అందులో దాదాపు 15 శాతమే అమ్మోనియా అవుతుంది. దాన్ని బాగా చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగతా గ్యాసుని మళ్ళీ వేడిచేసి లోపలికి పంపాలి. ఆ చల్లబరిచే చోట మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ లాంటి లవణాలు పెడితే అవి వేడి గ్యాసులోంచే అమ్మోనియాని లాగేస్తాయి. ఒత్తిడి తగ్గించవచ్చు, చిన్న ప్లాంటు పెట్టుకోవచ్చు, గాలిమర కరెంటుతో ఊరి దగ్గరే ఎరువు తయారుచేసుకోవచ్చు అన్నది వాళ్ళ ఆశ. ఎంసెట్ బిట్‌లో 'వాడరు' అన్న ఉప్పే ఇక్కడ హీరో.

2016లో జపాన్‌లోని ఏఐఎస్‌టీ పరిశోధనా సంస్థ వాళ్ళు ప్రష్యన్ బ్లూ అనే పాత నీలిరంగుని పరీక్షించారు. 1700ల మొదట్లో బెర్లిన్‌లో అనుకోకుండా పుట్టిన రంగు ఇది, పాత ఇంజినీర్ల బ్లూప్రింట్‌కి ఆ నీలం దీన్నించే వచ్చింది. ఇది గ్రాముకి 200 మిల్లీగ్రాములకు పైగా అమ్మోనియాని పట్టింది. ఇనుము బదులు కోబాల్ట్ పెట్టి చేసిన దాని చుట్టమైతే 370 దాకా. మామూలు గాలిలో ఉండే అతి కొద్ది అమ్మోనియాని కూడా పట్టుకుంది, పలచటి యాసిడ్‌తో కడిగితే వదిలింది. తమాషా ఏంటంటే ప్రష్యన్ బ్లూకి కూడా సీజియంని పట్టే గుణముంది, క్లినాప్టిలోలైట్ లాగే. అదే ఏడాది ఎమ్ఐటీలో డింకా బృందం లోహ-సేంద్రియ చట్రాలతో అమ్మోనియాని బాగా పట్టి తిరిగి వదిలే పదార్థాలు చేసి చూపించింది. ఇలాంటి చట్రాల పునాది పనికే కితగావా, రాబ్సన్, యాగీలకి 2025లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అయితే ఈ జాతిలో బాగా పేరున్న హెచ్‌కేయూఎస్‌టీ-1 అనే పదార్థం తేమ, అమ్మోనియా కలిసి వస్తే కూలిపోతుంది. అంటే మొదటిసారి అద్భుతంగా పట్టుకుంటుంది, రెండోసారికి అదే మిగలదు. డెమోలో బాగా నడిచి ప్రొడక్షన్‌లో పడిపోయే కోడు మనకి కొత్తా?

అందుకే అమ్మోనియాని పట్టే కొత్త పదార్థం వచ్చిందని వార్త కనిపించినప్పుడల్లా నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. తేమ, ఉప్పు, పోటీ అయాన్లు ఉన్న అసలు నీళ్ళలో, అసలు గాలిలో ఎంత పడుతుంది? వదిలించడానికి ఏం ఖర్చు పెట్టాలి? వందోసారి, వెయ్యోసారి కూడా అంతే పడుతుందా? వదిలాక చేతికొచ్చేది అమ్ముకోగలిగిన సరుకేనా, లేక ఇంకో తలనొప్పా? వార్తల్లో మొదటి ప్రశ్నకి సగం జవాబు ఉంటుంది, అది కూడా ల్యాబులో పొడి గాలి మీద. మిగతా మూడింటికీ జవాబు దొరికేదాకా సంబరం వాయిదా వేసుకోవడం మంచిది.

నా మటుకు నాకు తోచేది ఇంకొకటుంది. మురుగులో వచ్చే నైట్రోజన్‌లో దాదాపు 80 శాతం మూత్రం నుంచే వస్తుంది, పరిమాణంలో మాత్రం అది మొత్తం నీళ్ళలో 1 శాతం. ముందు దాన్ని వందరెట్ల నీళ్ళలో కలిపేసి, తర్వాత వెతికి పట్టే రాయి కోసం పరిశోధనలు చేస్తున్నాం. వందల మంది పనిచేసే ఆఫీసు భవనాల్లో, కాలేజీ హాస్టళ్ళలో, రైల్వేస్టేషన్లలో యూరినల్స్ పైపు వేరుగా వేస్తే చిక్కగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. అప్పుడు విడుపు ఖర్చు కూడా తగ్గుతుంది, ట్రకీ లెక్క తిరగబడుతుంది. యూరియా దొరక్క చెప్పులు క్యూలో పెట్టే రాష్ట్రంలో ఒక్క పైపు వేరుగా వేసి చూడడం అంత పెద్ద ఖర్చేం కాదు. కొత్త బిల్డింగుల ప్లాన్లు గీసే సివిల్ స్నేహితులు మీలో ప్రతి ఒక్కరికీ ఒకరైనా ఉంటారు. అడిగి చూడండి, ఏమంటారో నాకూ చెప్పండి.